పొరపాటున రాసిన అమ్మ

మెల్‌బోర్న్ పక్కన డాండెనాంగ్ థామస్ వీధిలోని రొట్టెల కొట్టుకి పొద్దున్నే వెళ్తే తందూరు ముందు కనిపించే మనిషి బరాత్ అలీ. పొట్టిగా, దిట్టంగా ఉంటాడు. కుడిచేతికి మోచేయి దాకా ఒక్క వెంట్రుక ఉండదు, తందూరు ఎప్పుడో మింగేసింది. పిండిముద్దని అరచేతుల మధ్య కొట్టి సాగదీసి, గుడ్డమెత్త మీద పరిచి, భుజం దాకా వేడిలోకి వంగి లోపలి గోడకి అంటిస్తాడు. మీరు జేబులోంచి చిల్లర తీసేలోపు ఇదంతా అయిపోతుంది. రొట్టె బాగుందంటే తల ఊపుతాడు, మాడిందంటే ఇంకోటి ఇస్తాడు. అంతకుమించి అతని చేత మాట్లాడించడం ఎవరి వల్లా కాదు.

పుట్టినరోజు ఎప్పుడని అడిగితే జనవరి ఒకటి అంటాడు. కొట్టులో పనిచేసే ఐదుగురూ అఫ్ఘానిస్తాన్ నుంచి వచ్చిన హజారాలు, అందరిదీ జనవరి ఒకటే. పడవ దిగి, పుట్టిన తారీఖు చెప్పలేనివాళ్లందరికీ కాగితాల మీద అదే పడింది. ఆ రోజు ఒకే కేకు కోసి ఐదుగురూ ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకుని పడీపడీ నవ్వుకుంటారు. అతన్ని పెంచిన తల్లి లెక్క వేరు. "గోధుమ కోతలప్పుడు పుట్టావు, లతీఫా తరవాత రెండు నెలలకి" అంటుంది. ఆ లెక్కకి ఏ ఫారంలోనూ గడి లేదు.

పెంచిన తల్లి అన్నాను కదా, అసలు చిక్కంతా అక్కడే ఉంది. బరాత్ నలభై రోజుల పసివాడిగా ఉన్నప్పుడు అఫ్ఘానిస్తాన్ జాగోరీ కొండల్లో కన్నతల్లి సకీనా జ్వరంతో పోయింది. సకీనా చెల్లెలు మర్వారీద్ ఒళ్లో అప్పటికే కూతురు లతీఫా ఉంది. మర్వారీద్ వీణ్ని కూడా ఒళ్లోకి తీసుకుని పాలిచ్చింది. ఆ తరవాత భర్త పోయి, ఊరు పోయి, ఇద్దరు పిల్లల్నీ వేసుకుని సరిహద్దు దాటి పాకిస్తాన్‌లోని క్వెట్టా చేరింది. హజారా టౌన్‌లో ఒక సందులో తందూరు పెట్టుకుని రొట్టెలు కాల్చి బతికింది. బరాత్ ఆమెని ఆబై అనే పిలిచాడు. ఆబై అంటే అమ్మ.

మనలో అమ్మ చెల్లెల్ని పిన్ని అంటాం, ఆమె కూతురు చెల్లెలో అక్కో అవుతుంది. దాని గురించి ఆలోచించే పనే లేదు. హజారాల్లో అలా కాదు. వాళ్లకి పిన్ని అంటే ఖాలా, ఖాలా కూతురంటే పెళ్లాడదగ్గ పిల్ల, ఆమె అతని ముందు తల కప్పుకోవాలి. ఒకే తల్లి పాలు తాగితే మాత్రం లెక్క మారిపోతుంది. పాలిచ్చినావిడ తల్లి, ఆమె కూతురు తోబుట్టువు. ఇక ఆ ఇద్దరికీ పెళ్లీ లేదు, పరదా లేదు. కన్నతల్లి ఎవరని అక్కడెవరూ అడగరు, పాలు ఎవరివని అడుగుతారు.

సముద్రం దాటి వచ్చినప్పుడు మాత్రం బరాత్‌ని పాల సంగతి ఎవరూ అడగలేదు. పడవల్లో వచ్చినవాళ్లని ఆస్ట్రేలియా ఆపి ఉంచే క్రిస్మస్ దీవిలో టేబులుకి అవతల కూర్చున్నావిడ తల్లి పేరు అడిగింది. సకీనా అన్నాడు. ఉన్నారా అంది. లేరన్నాడు. ఇంకెవరున్నారంటే, ఖాలా ఉంది, ఆమెకో కూతురుంది అన్నాడు. అబద్ధం ఒక్కటి దొరికినా వెనక్కి పంపేస్తారని పడవలో అందరూ భయపెట్టి ఉన్నారు. రక్తం లెక్క అడిగారు, రక్తం లెక్క చెప్పాడు. అప్పుడు అతనికి తప్పనిపించలేదు.

మూడేళ్ల తరవాత వీసా ఇచ్చారు, అదీ ఐదేళ్లకి. అఫ్ఘానిస్తాన్‌లో కాలు పెట్టకూడదు. ఇంకే దేశం వెళ్లాలన్నా గట్టి కారణం చూపించి ముందే అనుమతి తీసుకోవాలి. ఇచ్చిన గడువులోపు తిరిగి రావాలి. ఇందులో ఏది తప్పినా ఇక్కడి తలుపు మూసుకుంటుంది. ఆ భయంతో బరాత్ ఇక్కడికొచ్చాక ఆరేళ్లు ఎక్కడికీ కదల్లేదు. అమ్మని ఫోనులోనే చూశాడు.

ఆ ఏడాది జులై నెలలో లతీఫా ఫోన్ చేసింది. లతీఫా పెళ్లి చేసుకోలేదు. హజారా టౌన్‌లో ఇంగ్లీషు నేర్పే సెంటరు, ఇంట్లో అమ్మ, ఈ రెండే ఆమె సంసారం. రెండు నెలల పెద్దరికాన్ని ముప్ఫై ఏడేళ్లుగా ఒక్కరోజు కూడా వదులుకోలేదు.

"ఒరే బరాత్, అమ్మకి పక్షవాతం వచ్చిందిరా. కుడివైపు మొత్తం పడిపోయింది. మూతి వంకరపోయింది. ఉంటుందో లేదో డాక్టర్లు చెప్పడం లేదు. నువ్వు రా."

"వస్తానక్కా. అనుమతి అడుగుతాను."

"అడుగుతానంటావేంట్రా! అమ్మని చూడ్డానికి అడగడమేంటి?"

ఆ సాయంత్రమే ఫారం నింపాడు. నింపిపెట్టినవాడు నాదిర్, కొట్టులో పిండి కలిపే మనిషి. తన ఫారం మూడుసార్లు తిరిగొచ్చిన అనుభవం మీద ఊళ్లో అందరి ఫారాలూ తనే నింపుతుంటాడు. అందుకే వకీల్ సాబ్ అని పేరు. "కారణం?" అన్నాడు నాదిర్. "అమ్మకి బాగోలేదు" అన్నాడు బరాత్. నాదిర్ అదే రాశాడు. బరాత్ సంతకం పెట్టాడు. అమ్మని అమ్మ అనడానికి ఎవరైనా ఆగి ఆలోచిస్తారా?

నెల తరవాత జవాబొచ్చింది. మీరు గతంలో ఇచ్చిన సమాచారం ప్రకారం మీ తల్లి చాలా ఏళ్ల కిందటే మరణించారు, ఇప్పుడు తల్లికి అనారోగ్యం అంటున్నారు, ఈ తేడాకి ఇరవై ఎనిమిది రోజుల్లో వివరణ ఇవ్వండి అని అందులో ఉంది. బరాత్ ఆ ఉత్తరం పట్టుకుని లైబ్రరీకి పరుగెత్తాడు. అక్కడ మంగళవారాల్లో హెదర్ అనే పెద్దావిడ కూర్చుంటుంది. లాయరు ఆఫీసులో పనిచేసి రిటైరైంది, ఫారాలతో చిక్కులున్నవాళ్లకి ఊరికే సాయం చేస్తుంది. హజారాలందరూ ఆవిణ్ని ప్రేమగా హెదర్ జాన్ అంటారు.

ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని అంతా విన్నది. పాల సంగతి చెప్పేటప్పుడు బరాత్ సిగ్గుతో బల్లకేసి చూస్తూ చెప్పాడు.

"ఇదే రాద్దాం," అంది హెదర్. "కన్నతల్లి వేరు, పాలిచ్చి పెంచిన తల్లి వేరు, మీ పద్ధతిలో ఇద్దరూ తల్లులే అని రాద్దాం. ఇందులో దాచాల్సిందేం లేదు. ఆవిడ దగ్గర్నుంచి ఒక వాంగ్మూలం, అక్కడి మసీదు పెద్ద ముద్ర, దానికి అనువాదం కావాలి. ఆరు వారాలు పట్టొచ్చు. గడువు పెంచమని నేను అడుగుతాను."

ఆరు వారాలు అమ్మ ఉంటుందో లేదో. బరాత్ కొట్టుకి తిరిగొచ్చి నాదిర్‌కి చెప్పాడు.

"ఆవిడకేం, ఎన్ని పేజీలైనా రాస్తుంది," అన్నాడు నాదిర్ చేతుల పిండి దులుపుకుంటూ. "పాలూ, మసీదూ, ముద్రా అని మొదలెడితే ఆ ఆఫీసరుకి ఏం అర్థమవుతుంది? వీడు ఇంకా ఏమేం దాచాడో అని ఫైలంతా తిరగేస్తాడు. ఒక్క వాక్యంతో పోయేదానికి ఎందుకురా నీకీ తలనొప్పి?"

"ఏం వాక్యం?"

"ఖాలా అని రాసెయ్. తల్లి అన్నది పొరపాటు అను. ఖాలా కాదా ఏం? అబద్ధమేం కాదుగా."

అబద్ధం కాదు, నిజమే. ఆ మాటే బరాత్‌ని పడగొట్టింది. నాదిర్ ఇంగ్లీషులో రాసి, మళ్లీ తమ హజారగీ భాషలో చదివి వినిపించాడు. "మర్వారీద్ నా తల్లి కాదు. ఆమె నాకు ఖాలా అవుతుంది. ముందు దరఖాస్తులో పొరపాటున తల్లి అని రాశాను." బరాత్ ఇంకోసారి చదవమన్నాడు. నాదిర్ విసుక్కుంటూ చదివాడు. బరాత్ కలం తీసుకుని సంతకం పెట్టాడు. చెయ్యి వణకలేదు. వణికినా బాగుండేదని తరవాత చాలాసార్లు అనుకున్నాడు.

అనుమతి మూడు వారాల్లో వచ్చింది. అత్తయినా పిన్నయినా ఇంగ్లీషులో ఆంటీయే కాబట్టి, అనారోగ్యంతో ఉన్న ఆంటీని చూసేందుకు ముప్ఫై రోజులు అని ఉంది ఉత్తరంలో. నాదిర్ గర్వంగా కాలరు ఎగరేశాడు. "చూశావా? వకీల్ సాబ్ అంటే ఏమనుకున్నావు!" బరాత్ ఆ ఉత్తరాన్నీ తన వివరణ నకలునీ ఒక నీలం ఫైల్లో పెట్టుకున్నాడు. దారిలో ఎవరు ఏ కాగితం అడుగుతారో తెలియదు కదా, అన్నీ దగ్గరుంచుకోవడం అలవాటు.

క్వెట్టాలో దిగేసరికి అక్టోబరు చలి మొదలైంది. మర్వారీద్ తందూరు పక్కనే పరుపు వేయించుకుని గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. కుడిచెయ్యి ఒళ్లో ఊరికే పడి ఉంది. కొడుకు గుమ్మంలో కనిపించగానే వంకర మూతితోనే మొదలుపెట్టింది.

"వచ్చావా బచా? వారంలో వస్తానని కరాచీ వెళ్లావు. అంత దూరమా కరాచీ?"

ఆరేళ్ల కిందట అతను అలాగే చెప్పి వెళ్లాడు. పడవ ఎక్కుతున్నానంటే పోనివ్వదని. బరాత్ ఆమె కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాడు. లతీఫా తలమీద గుడ్డ లేకుండా, జుట్టు ముడి జారుతుండగా వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి తమ్ముడి వీపు మీద ఒక దెబ్బ వేసింది. "ఏడుపు ఆపు, టీ చల్లారిపోతోంది. మొహమేంట్రా అలా ఎర్రగా కాలింది? అక్కడ నీకు తందూరు లోపలే కాపురమా?"

మొదటి వారం రోజులు హాయిగా గడిచాయి. వీధిలో ఎవరు వచ్చినా మర్వారీద్ ఎడమచేత్తో కొడుకుని చూపించేది. "నా కొడుకు. ఆస్ట్రేలియాలో పెద్ద తందూరు ఉంది వీడికి." బరాత్ రోజూ అమ్మ తందూరు రాజేసి రొట్టె కాల్చేవాడు. ఆమె ముక్క తుంపి నోట్లో పెట్టుకుని మూతి ఇంకాస్త వంకర పెట్టేది. "పిండికి ఊరడానికి టైమివ్వలేదు. మీ దేశంలో అందరికీ తొందరేనా?" పెరుగు ఎండబెట్టి చేసే కురుత్‌ని నీళ్లలో కరిగించి, వేడి నూనె పోసి రొట్టె ముక్కలు నానబెడితే అమ్మకి తినడానికి సులువుగా ఉండేది. అతనే చేసి తినిపించేవాడు. ఎవరైనా "అదృష్టవంతురాలివి మర్వారీద్, కొడుకు ఇంత దూరం వచ్చాడు" అంటే ఆమె మురిసిపోయేది. బరాత్ తల వంచుకుని ఇంకో ముద్ద కలిపేవాడు. నీలం ఫైలు పెట్టెలో ఉంది.

విదేశీ కాగితాలతో వచ్చినవాళ్ల పేరు పోలీసు ఠాణాలో రాయించాలి. ఇంటివాళ్లు నకళ్లు ఇవ్వాలి. తొమ్మిదో రోజు పొద్దున లతీఫా సెంటరుకి వెళ్తూ "నీ కాగితాలు ఇటివ్వు, నకళ్లు తీయించి ఠాణాలో ఇచ్చేస్తాను" అంది. బరాత్ స్నానం చేస్తున్నాడు. "పెట్టెలో ఉంది, నీలం ఫైలు" అని లోపలినుంచే అరిచాడు. నీళ్లు పోసుకున్నాక గుర్తొచ్చింది. ఒళ్లు తుడుచుకోకుండా బయటికొచ్చేసరికి లతీఫా వెళ్లిపోయింది.

ఇంగ్లీషు నేర్పే మనిషి చేతిలో ఆ కాగితం పెట్టాడు. ఇంకేం కావాలి?

మధ్యాహ్నం లతీఫా ఇంటికొచ్చింది. ఇంట్లోకి రాగానే చాదర్ తీసి వంకీకి తగిలించడం ఆమె అలవాటు. ఆ రోజు తీయలేదు. నుదుటిమీదికి లాక్కుని, గడ్డం కింద చేత్తో పట్టుకుని నిలబడింది. ఫైలు నేలమీద అతనికి కాస్త దూరంగా పెట్టింది.

"మీ కాగితాలు, బరాత్ అలీ గారూ."

"అక్కా..."

"ఎవరికి అక్క? ఆవిడ మీకు తల్లి కాదని సంతకం పెట్టారుగా. అయితే నేను మీకు ఖాలా కూతుర్ని. పరాయి మగాడి ముందు తొమ్మిది రోజులు తల కప్పుకోకుండా తిరిగాను. నాకు తెలియలేదు, క్షమించండి."

"భయపడ్డానక్కా. ఆరు వారాలు పడుతుందన్నారు. ఈలోపు అమ్మకి ఏమన్నా అయితే..."

"ఒక్క ఫోను చేస్తే నేను రాసి పంపేదాన్ని. ఇంగ్లీషు నేను నేర్పుతాను, మసీదు వీధి చివర ఉంది. అడిగారా నన్ను?"

అడగలేదు. అడగొచ్చని కూడా తట్టలేదు. తట్టలేదా, లేక తట్టకుండా చూసుకున్నాడా అన్నది బరాత్‌కే తేలలేదు. ఆ రోజునుంచి లతీఫా అతనికి అన్నం పళ్లెం తలుపు పక్కన పెట్టి పక్కకి తప్పుకునేది. టీ కావాలా అని అడిగేది కాదు, టీ కావాలేమో అడుగు అని అమ్మతో అనేది. ఆమె 'మీరు' అన్న ప్రతిసారీ అతనికి చెంప మీద కొట్టినట్టుండేది. కొట్టినా బాగుండేది. చిన్నప్పుడు ఎన్నిసార్లు కొట్టలేదు!

మర్వారీద్ ఒంట్లో సగమే పడిపోయింది, కళ్లు పడిపోలేదు. రెండు రోజులు చూసింది. మూడో రోజు అడిగింది.

"ఏమే, ఇంట్లో ఆ చాదరేంటి?"

"జలుబు చేసిందమ్మా."

"జలుబు తమ్ముణ్ని చూసినప్పుడే చేస్తుందా? వాడు బజారుకి వెళ్లినప్పుడు విప్పి ఆరేశావుగా." లతీఫా వంటింట్లోకి వెళ్లిపోయింది. మర్వారీద్ కొడుకు వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. ఏం చేశావు?"

బరాత్ తందూరు ముందు పిండిముద్దతో కూర్చుని ఉన్నాడు. ముద్దని పక్కన పెట్టి, తల వంచుకుని మొత్తం చెప్పాడు. క్రిస్మస్ దీవి నుంచి మొదలుపెట్టి నాదిర్ రాసిన వాక్యం దాకా. వాక్యాన్ని తగ్గించి చెప్పాలనుకున్నాడు గానీ నోరు మాట వినలేదు, ఉన్నదున్నట్టు అప్పజెప్పేశాడు.

మర్వారీద్ ఒళ్లో పడి ఉన్న కుడిచేతిని ఎడమచేత్తో సర్దుకుంది. తందూరులో బొగ్గు చిటపటలాడింది.

"తల్లి కాదు అన్నావు. సరే. భయం ఉన్నవాడు ఏదైనా అంటాడు. సరిహద్దులో సిపాయి అడిగితే నేను కూడా మీ నాన్న ఎవరో తెలియదన్నాను." ఆమె మాట కాస్త ముద్దగా వస్తోంది, అయినా ప్రతి ముక్కా తెలుస్తోంది. "కానీ 'పొరపాటున' అన్నావు చూడు. అది ఎందుకన్నావురా? పొరపాటున పాలిచ్చానా నీకు? రెండేళ్లు రోజూ పొరపాటు పడ్డానా?"

బరాత్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. పిండి మొహానికంతా అంటుకుంది. ఆమె తిట్టలేదు, శపించలేదు, క్షమించాననీ అనలేదు. కూతుర్ని కేకేసింది.

"కాగితం తీసుకురా. వీడి తెల్లవాళ్లకి అర్థమయ్యే భాషలో రాయి. నేను చెప్తాను."

లతీఫా రాసింది. మర్వారీద్ అనే నేను, నలభై రోజుల పిల్లవాణ్ని ఒళ్లోకి తీసుకుని, నా కూతురితోపాటు రెండేళ్లు పాలిచ్చాను, మా ధర్మంలో నేను అతని తల్లిని, ఇంకో మాట లేదు. ఇంతే. వేలిముద్రకి ఎడమచెయ్యి పట్టుకోబోతే మర్వారీద్ విదిలించింది.

"కుడిది. ఎడమవైపు నువ్వు తాగేదానివి, కుడివైపు వాడు. కుడిదే వెయ్యి."

పడిపోయిన ఆ చేతిని లతీఫా పైకెత్తి బొటనవేలికి సిరా పూసి కాగితం మీద అదిమింది. తరవాత చాదర్ సర్దుకుని వీధి చివర మసీదుకి వెళ్లి అక్కడి పెద్ద ఆగా చేత ముద్ర వేయించుకొచ్చింది. వచ్చేసరికి బరాత్ అంటించిన రెండో వాయి రొట్టెలు ఇంకా వేడిగానే ఉన్నాయి. ఆరు వారాలన్న పని మొత్తం అరగంటలో అయింది. ఈ మూడు నెలల్లో ఏ ఒక్కరోజైనా ఆ అరగంట దొరికేదే కదా అని బరాత్ లోలోపల కుమిలిపోయాడు.

కాగితం ఇస్తూ లతీఫా నేలచూపు చూస్తూనే అంది. "ఇది మీ ఫైల్లో చేరిన రోజు ఈ చాదర్ తీస్తాను, బరాత్ అలీ గారూ. అప్పటిదాకా ఆ ఆఫీసువాళ్లకి నేనెవరో మీక్కూడా నేను అంతే."

"మొండిఘటం," అంది మర్వారీద్. "దానికి నా పాలతోనే వచ్చింది ఆ మొండితనం. నువ్వూ అవే తాగావు, నీకెందుకు రాలేదురా?"

ఇరవై తొమ్మిదో రోజు బయల్దేరాడు. అమ్మ గుమ్మం దాకా రాలేకపోయింది. "కరాచీ జాగ్రత్తగా వెళ్లిరా" అంది. లతీఫా తలుపు చాటున నిలబడి బోస్రాగ్ మూట నేలమీద పెట్టింది. పండగలకి వేయించే ఆ తీపి రొట్టెలంటే అతనికి ప్రాణమని ఆమెకి తెలుసు. చేసింది గానీ చేతికివ్వలేదు.

మెల్‌బోర్న్ విమానాశ్రయంలో ఆఫీసరు కుర్రది, మొహంలో అలసట ఉన్నా నవ్వుతూనే మాట్లాడింది. అనుమతి ఉత్తరం చూసి, "ఎవర్ని చూసొచ్చారు?" అంది. అమ్మ కాగితం చొక్కా లోపలి జేబులో గుండెకి తగులుతోంది. నీలం ఫైలు చేతిలో ఉంది. బరాత్ నోరు తెరిచాడు.

"ఆంటీని."

"ఇప్పుడెలా ఉన్నారు మీ ఆంటీ?"

"పరవాలేదు."

మన దగ్గర ఎదురింటావిడా ఆంటీయే, కూరగాయలమ్మే ఆవిడా ఆంటీయే. అతనికి మన భాష రాదు గానీ ఆ మాట నోట్లో ఎంత చౌకగా ఉందో మనలాగే తెలిసింది. ముద్ర పడింది. బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని బోస్రాగ్ మూట విప్పాడు, తినలేక మళ్లీ కట్టేశాడు.

అమ్మ కాగితాన్ని మర్నాడే హెదర్‌కి ఇవ్వాలనుకున్నాడు. మంగళవారం వచ్చింది, పనెక్కువ ఉందని వెళ్లలేదు. వచ్చే మంగళవారం తలనొప్పి. నాదిర్ అయితే చేతులెత్తి దణ్ణం పెట్టాడు. "ఉన్న వీసా ఊడగొట్టుకుంటావా? అప్పుడు అబద్ధం రాశానని నీ అంతట నువ్వే చెప్తావా? ఇంకో రెండేళ్లలో మళ్లీ దరఖాస్తు పెట్టాలి, గుర్తుందా?" గుర్తుంది. అంతకంటే గుర్తున్నదేం లేదు. కాగితాన్ని ఖురాన్ చుట్టిన గుడ్డలోనే పెట్టి పైన అలమరాలో పెట్టాడు. తీయడానికి చెయ్యి అందేది, మనసు అందేది కాదు.

ఫోను చేసినప్పుడల్లా లతీఫా చాదర్ నుదుటిదాకా కప్పుకుని, ఫోను అమ్మ వైపు తిప్పి తను పక్కకి జరిగేది. అమ్మ ఎప్పుడూ ఆ కాగితం గురించి అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో బరాత్ రోజుకో అబద్ధం తయారు చేసుకునేవాడు, ఒక్కదానికీ అవసరం రాలేదు. ఇవ్వలేదని ఆమెకి తెలుసు. లతీఫా తల చూస్తే తెలియదూ?

మార్చిలో మర్వారీద్ పోయింది. పొద్దున పది గంటలకి టీ తాగుతూ పోయింది. లతీఫా ఫోనులో చూపించింది. ఏడుస్తుంటే చాదర్ తలమీంచి జారిపోయింది. అంత దుఃఖంలోనూ గబుక్కున లాక్కుని కప్పుకుంది. బరాత్ అది చూశాడు. అమ్మ మొహం కంటే ఆ చెయ్యే అతనికి కళ్లముందు నిలిచిపోయింది.

డాండెనాంగ్ హజారాలు ఆదివారం పోయినవాళ్ల కోసం చేసే ఫాతెహా ప్రార్థన పెట్టారు. హాలు తలుపు దగ్గర కొడుకు నిలబడాలి, వచ్చినవాళ్లు వాటేసుకుని పరామర్శించాలి. బరాత్ నిలబడ్డాడు. మూడొందల మంది వాటేసుకున్నారు. "తల్లి పోతే ఇల్లు పోయినట్టే బరాత్", "తల్లి రుణం తీరదు." అతను దొంగసొత్తు అందుకుంటున్నవాడిలా తల వంచుకుని అందుకున్నాడు. చివర్లో నాదిర్ వచ్చాడు, కళ్లనిండా నీళ్లతో.

"నీ తల్లి స్వర్గానికి..."

"నా తల్లి అని ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు బరాత్.

నాదిర్ మొహం పాలిపోయింది. బరాత్ అన్నది అతన్ని కాదు, తనని తనే. ఆ సంగతి నాదిర్‌కీ తెలుసు. భుజం తట్టి వెళ్లిపోయాడు.

మంగళవారం లైబ్రరీ తలుపులు తెరిచేసరికే బరాత్ గుమ్మంలో ఉన్నాడు. హెదర్ ముందు కాగితం పెట్టాడు. ఆవిడ రెండుసార్లు చదివింది.

"ఇప్పుడు దేనికి బరాత్? ఆవిడ లేరు. మళ్లీ ప్రయాణం లేదు. ఇది ఇస్తే, ముందు మీరు ఇచ్చిన వివరణ నిజం కాదని మీరే ఒప్పుకున్నట్టు. రెండేళ్లలో వీసా తిరగరాసేటప్పుడు దీన్ని పట్టుకుని అడగొచ్చు. ఏం జరుగుతుందో నేను మాటివ్వలేను."

"ఇవ్వండి హెదర్ జాన్."

"బాగా ఆలోచించారా?"

"ఇన్నాళ్లూ ఆలోచించే ఆపాను."

ఆవిడ పైన జత చేసే వివరణ రాయడం మొదలుపెట్టింది. గతంలో పొరపాటున ఖాలా అని రాశాను అని రాసి చదివి వినిపించింది. బరాత్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ మాట కొట్టెయ్యండి."

"ఏ మాట?"

"పొరపాటున. పొరపాటు కాదు. భయపడి రాశాను. భయపడి అని రాయండి."

హెదర్ కొట్టేసింది. భయపడి అని రాసింది. సంతకం పెట్టేటప్పుడు ఈసారి బరాత్ చెయ్యి వణికింది, అక్షరాలు గోడ దిగుతున్న చీమల్లా వంకరగా వచ్చాయి. అందినట్టు వచ్చిన రసీదునీ, పంపిన కాగితాలనీ ఫోటో తీసి లతీఫాకి పంపాడు. చూసినట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు. బుధవారం రాలేదు, గురువారం రాలేదు.

శుక్రవారం తందూరుకి ఆరు రొట్టెలు అంటించి నిలబడ్డప్పుడు ఫోను మోగింది. లతీఫా ఇంట్లో, అమ్మ తందూరు పక్కన కూర్చుని ఉంది. తలమీద ఏమీ లేదు. జుట్టు సగానికి సగం తెల్లబడిపోయింది. అక్టోబరులో నల్లగా ఉన్న జుట్టు. ఈ ఐదు నెలలూ ఆ చాదర్ కింద ఏం జరిగిందో బరాత్ ఇప్పుడు చూశాడు.

"ఒరే బరాత్," అంది.

అతను ఫోనుని మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు.

"నీ ఇంగ్లీషు తగలెయ్య. అమ్మ పేరులో చివరి అక్షరం తప్పు రాయించావురా. దిద్దించు. లేకపోతే వాళ్లు మళ్లీ పొరపాటనుకుంటారు."

"దిద్దిస్తానక్కా," అన్నాడు బరాత్.

ఆ మాట వినడానికి అమ్మ లేదని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఇద్దరూ ఫోను పెట్టెయ్యకుండా అలాగే ఏడ్చారు. తందూరు గోడకున్న ఆరు రొట్టెలూ మాడిపోయాయి. నాదిర్ వాటిని ఒక్కొక్కటే ఊడదీశాడు.